గీత ఎక్కడ గీయాలి? ప్రభుత్వ ప్రయాణ హెచ్చరికలలో న్యాయం, నిలకడ

2020 జూన్ మూడవ వారంలో జర్మనీలోని రేడా-వీడెన్‌బ్రూక్ అనే చిన్న పట్టణం ప్రపంచ వార్తలకెక్కింది. ఆ దేశపు అతి పెద్ద మాంసం సంస్థ ట్యోన్నీస్ కర్మాగారం అక్కడే ఉంది. పరీక్షలు జరపగా 1,500 మందికి పైగా కార్మికులకు కరోనా వైరస్ సోకినట్టు తేలింది. వారిలో అత్యధికులు రుమేనియా, బల్గేరియా, పోలండుల నుంచి ఉపకాంట్రాక్టర్ల ద్వారా వచ్చినవారు. చల్లని గదుల్లో పక్కపక్కనే నిలబడి మాంసం కోసేవారు, ఇరుకు వసతుల్లో కలిసి నివసించేవారు. జూన్ 23న నోర్డ్‌రైన్-వెస్ట్‌ఫాలెన్ రాష్ట్ర ప్రభుత్వం ఆ పట్టణం ఉన్న గ్యూటర్స్‌లో జిల్లా మీద, పక్కనున్న వారెన్‌డోర్ఫ్ జిల్లా మీద మళ్ళీ ఆంక్షలు విధించింది.

మరునాడు ఆస్ట్రియా ప్రభుత్వం తన పౌరులకు ఒక ప్రయాణ హెచ్చరిక జారీ చేసింది. అది రేడా-వీడెన్‌బ్రూక్ పట్టణానికో, గ్యూటర్స్‌లో జిల్లాకో పరిమితమైనది కాదు. దాదాపు కోటీ ఎనభై లక్షల జనాభా గల నోర్డ్‌రైన్-వెస్ట్‌ఫాలెన్ రాష్ట్రం మొత్తానికి వర్తించింది. గ్యూటర్స్‌లోకు ఆనుకుని ఉన్న పాడర్‌బోర్న్ జిల్లా, దానికి ఎంతో దూరాన రైన్ ఒడ్డున ఉన్న కొలోన్, బెల్జియం సరిహద్దులోని ఆహెన్, అన్నీ ఒక్క గీత లోపలికి వచ్చాయి. కర్మాగారానికి సుమారు నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న పాడర్‌బోర్న్ పౌరుడికి ఆ గీత ఎంతో కొంత అర్థమై ఉండవచ్చు. కొలోన్ పౌరుడికి అర్థమై ఉండదు.

జర్మనీ లోపల కూడా ఇదే జరిగింది. బాల్టిక్ తీరంలోని ఉజెడోమ్ ద్వీపానికి సెలవులకు వెళ్ళిన గ్యూటర్స్‌లో వాసులు కొందరిని అక్కడి అధికారులు వెనక్కి పంపారు. ఆ జిల్లా నుంచి వచ్చేవారికి హోటళ్ళలో గది ఇవ్వకూడదని బవేరియా ఆదేశించింది. ఆ ఆదేశాలకు ఆధారం ఒక అంకె. ఏడు రోజుల్లో లక్ష జనాభాకు 50కి మించి కొత్త కేసులు వస్తే ఆ జిల్లాను ప్రమాదకరంగా పరిగణించాలని సమాఖ్య, రాష్ట్ర ప్రభుత్వాలు ఆ మే నెలలో అంగీకరించాయి. ఒక కర్మాగారంలో వచ్చిన కేసులను జిల్లా మొత్తం జనాభాతో భాగించి చూడగా ఆ అంకె దాటింది. కర్మాగారంతో ఏ సంబంధమూ లేని గ్రామంలో పాఠాలు చెప్పే ఉపాధ్యాయురాలు కూడా ఆ అంకెకు బాధ్యురాలైంది.

రెండు వారాల తర్వాత, జూలై 6న, మ్యూన్‌స్టర్‌లోని రాష్ట్ర ఉన్నత పరిపాలనా న్యాయస్థానం గ్యూటర్స్‌లో ఆంక్షలను నిలిపివేసింది. వ్యాధి మొదట బయటపడిన రోజుల్లో, అది ఎంతవరకు పాకిందో తెలియనప్పుడు, జిల్లా మొత్తాన్ని కట్టడి చేయడాన్ని న్యాయస్థానం తప్పు పట్టలేదు. పరీక్షలు జరిగి, ఏ ఊరిలో కేసులున్నాయో ఏ ఊరిలో లేవో తెలిసిన తర్వాత కూడా అన్నిటినీ ఒకే గాట కట్టడం అవసరానికి మించిన చర్య అని తేల్చింది. ప్రయాణ హెచ్చరికల న్యాయం గురించి రాజనీతి గ్రంథాల్లో వెతకవలసిన సూత్రం ఈ తీర్పులో సూటిగా ఉంది. తెలియనప్పుడు గీత పెద్దదిగా గీయవచ్చు. తెలిసిన తర్వాత దాన్ని చిన్నది చేయకపోతే అది అన్యాయం.

ఆస్ట్రియా గీసిన గీతకు మరో నేపథ్యం కూడా ఉంది. అదే సంవత్సరం మార్చి 5న ఐస్‌లండ్ ప్రభుత్వం ఆస్ట్రియాలోని తిరోల్ ప్రాంతంలో ఉన్న ఇష్‌గ్ల్ అనే స్కీయింగ్ కేంద్రాన్ని ప్రమాద ప్రాంతంగా ప్రకటించింది. అక్కడి నుంచి తిరిగి వచ్చిన తన పౌరులకు వైరస్ సోకినట్టు తేలడమే కారణం. వారికి అది విమానంలో అంటుకుని ఉంటుందని తిరోల్ అధికారులు మొదట కొట్టిపారేశారు. ఇష్‌గ్ల్‌ను క్వారంటైన్ చేసింది మార్చి 13న. ఆ మధ్య రోజుల్లో అక్కడికి వచ్చి వెళ్ళినవారు వైరస్‌ను యూరప్‌లోని అనేక దేశాలకు మోసుకుపోయారు. తన లోయ విషయంలో ఇతరుల హెచ్చరికను నమ్మడానికి వెనకాడిన దేశమే, మూడు నెలలు గడిచేసరికి, పొరుగు దేశపు కర్మాగారం విషయంలో ఒక్క రోజు కూడా ఆగలేదు. ఇందులో దురుద్దేశం వెతకనక్కరలేదు, ఇష్‌గ్ల్ నేర్పిన భయమే తొందరపెట్టి ఉండవచ్చు. అయినా కొలత రెండు చోట్లా ఒకటి కాలేదన్నది మిగిలిన నిజం.

హెచ్చరిక అంటే ఏమిటి?

ప్రభుత్వాలు తమ పౌరులకు చెప్పే ప్రయాణ సలహాలలో మెట్లున్నాయి. జర్మన్ విదేశాంగ శాఖ విషయంలో సాధారణ భద్రతా సూచన ఒకటి, దేశంలో ఒక ప్రాంతానికి మాత్రమే వర్తించే పాక్షిక హెచ్చరిక మరొకటి, దేశమంతటికీ వర్తించే పూర్తి హెచ్చరిక ఇంకొకటి. జర్మన్‌లో రైజెవార్నుంగ్ అనే ఈ చివరిదాన్ని ప్రాణానికి, శరీరానికి నిర్దిష్టమైన ముప్పు ఉన్నప్పుడు మాత్రమే జారీ చేస్తారు. అమెరికా 2018 జనవరి నుంచి ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు వేస్తోంది.

ఇవి పేరుకు సలహాలే. హెచ్చరిక ఉన్నంత మాత్రాన జర్మన్ పౌరుడు ఆ దేశానికి వెళ్ళడం నేరం కాదు. కానీ దాని వెనుక ఆర్థిక ఫలితాల గొలుసు ఉంది. హెచ్చరిక వెలువడితే ముందే డబ్బు కట్టిన విహారయాత్రను నష్టం లేకుండా రద్దు చేసుకోవడానికి న్యాయస్థానంలో బలమైన ఆధారం దొరుకుతుంది. బీమా సంస్థల నిబంధనలు మారిపోతాయి. కంపెనీలు ఉద్యోగులను పంపడం మానేస్తాయి, విశ్వవిద్యాలయాలు విద్యార్థి మార్పిడి కార్యక్రమాలను ఆపేస్తాయి. హెచ్చరిక పొందిన దేశంలో హోటలు గుమస్తా నుంచి టాక్సీ డ్రైవరు దాకా ఆదాయం కోల్పోతారు. జారీ చేసిన దేశంలోనూ నష్టపోయేవారు ఉంటారు. ప్రధానంగా సెలవుల విమానాల మీద ఆధారపడిన పాడర్‌బోర్న్-లిప్‌స్టాట్ విమానాశ్రయం 2020లోనే దివాలా రక్షణ కోరవలసి వచ్చింది. దానికి హెచ్చరికలొక్కటే కారణం కాదు. కానీ ఒక ప్రభుత్వ వెబ్‌సైటులోని నాలుగు వాక్యాలకు ఎంత బరువుంటుందో ఆ రన్‌వే నిశ్శబ్దం చెప్పింది.

అంత బరువున్న మాటను ఎవరు పలుకుతారు? ఎవరి ప్రయోజనం కోసం? హెచ్చరిక చేసే ప్రభుత్వం తన పౌరులకు జవాబుదారీ. హెచ్చరికకు గురయ్యే దేశపు ప్రజలకు ఆ ప్రభుత్వం మీద ఓటు లేదు, అప్పీలు లేదు. గ్యూటర్స్‌లో వాసులకు మ్యూన్‌స్టర్‌లో న్యాయస్థానం ఉంది. సూరత్ నేత కార్మికుడికో, జొహానస్‌బర్గ్ హోటలు ఉద్యోగికో అటువంటి న్యాయస్థానం ఎక్కడా లేదు.

ఒకే కొలబద్ద, వేర్వేరు కొలతలు

2020 మార్చి 17న జర్మనీ తన చరిత్రలో మొదటిసారిగా ప్రపంచమంతటి మీదా ప్రయాణ హెచ్చరిక జారీ చేసింది. ఆ వసంతంలో విదేశాల్లో చిక్కుకుపోయిన సుమారు 2,40,000 మందిని ప్రత్యేక ఏర్పాట్లతో ఇంటికి చేర్చవలసి వచ్చింది. మళ్ళీ అటువంటి పరిస్థితి రాకూడదన్న భయం అర్థం చేసుకోదగినదే. జూన్ 15న ఐరోపా సమాఖ్య దేశాలలో ఎక్కువవాటి మీద హెచ్చరిక ఎత్తేశారు. మిగిలిన సుమారు 160 దేశాల మీద ఆగస్టు ఆఖరు దాకా పొడిగించారు.

ఆ 160లో వియత్నాం కూడా ఉంది. జూన్ మధ్యనాటికి వియత్నాంలో ఒక్క కోవిడ్ మరణమూ నమోదు కాలేదు. హెచ్చరిక ఎత్తేసిన దేశాలలో బెల్జియం ఉంది. జనాభా నిష్పత్తిలో చూస్తే ఆనాటికి ప్రపంచంలోనే అత్యధిక మరణాలు నమోదైన దేశాలలో అది ఒకటి. విదేశాంగ శాఖ వాదన పూర్తిగా నిరాధారమైనది కాదు. బెల్జియంలో అప్పటికి వ్యాధి తగ్గుముఖం పట్టింది, ఐరోపాలో సమాచారం పంచుకునే యంత్రాంగం ఉంది, బెల్జియం నుంచి పౌరుడు కారులో ఇంటికి రాగలడు. కానీ ఆ కారణాలు వ్యాధికి సంబంధించినవి కావు. అవి పొరుగుతనానికి, సౌకర్యానికి సంబంధించినవి. వాటిని ఆ పేర్లతోనే చెప్పి ఉంటే ఎవరికీ అభ్యంతరం ఉండనవసరం లేదు. ఆరోగ్య ప్రమాదం అనే ఒక్క పేరు కింద అన్నిటినీ చేర్చడం వల్లనే సందేహం పుట్టింది.

ఆగస్టులో ఇంకొక ఉదాహరణ వచ్చింది. టర్కీ దేశం మొత్తం హెచ్చరిక కింద ఉండగానే, జర్మన్ పర్యాటకులు ఎక్కువగా వెళ్ళే అంతాల్య, ఇజ్మిర్, ఐదిన్, ముగ్లా అనే నాలుగు తీర ప్రాంతాలకు మాత్రం షరతులతో మినహాయింపు ఇచ్చారు. అంటే ప్రభుత్వం తలచుకుంటే ఒక దేశాన్ని జిల్లాలుగా విడదీసి చూడగలదు. సముద్ర తీరాల విషయంలో కనబరచిన ఆ సూక్ష్మ దృష్టి, పర్యాటకులు వెళ్ళని దేశాల విషయంలో కనిపించలేదు. ఇస్తాంబుల్‌లోనో అంకారాలోనో ఉన్న తల్లిదండ్రులను చూడడానికి వెళ్ళే టర్కిష్ మూలాల జర్మన్ పౌరుడికి ఆ మినహాయింపు ఎందుకూ పనికిరాలేదు.

2021 మార్చిలో ఈ అసంగతి ఇంటి లోపలికే వచ్చింది. మార్చి 14న స్పెయిన్‌లోని మయోర్కా ద్వీపాన్ని ప్రమాద ప్రాంతాల జాబితా నుంచి తొలగించారు. అక్కడ కేసులు తగ్గాయి, కొలబద్ద ప్రకారం అది సరైన నిర్ణయమే. కానీ అదే సమయంలో జర్మనీలో పర్యాటకులకు హోటళ్ళు మూసే ఉన్నాయి. ఈస్టర్ సెలవులకు పాడర్‌బోర్న్ కుటుంబం విమానమెక్కి మయోర్కా వెళ్ళవచ్చు, గంట దూరంలోని సావర్‌లాండ్ కొండల్లో ఒక గది మాత్రం అద్దెకు తీసుకోకూడదు. రెండు నియమాలూ విడివిడిగా చూస్తే సమర్థనీయమైనవే. ఒకదాన్ని చేసినవారు రెండోదాన్ని చూడలేదు. నిలకడ లేకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. అన్యాయం చేయాలన్న సంకల్పం ఎవరికీ ఉండదు, ఒక బల్ల మీది కాగితం పక్క బల్లకు చేరదు.

నూట డెబ్బై ఏళ్ళ వాదన

ఈ వాదన కోవిడ్‌తో పుట్టలేదు. 1851లో పారిస్‌లో మొదటి అంతర్జాతీయ పారిశుద్ధ్య సమావేశం జరిగింది. ఒక్కో రేవు ఒక్కో విధంగా ఓడలను క్వారంటైన్ చేయడం వల్ల వాణిజ్యం దెబ్బ తింటోందని, అందరికీ ఒకే నియమం కావాలని దాని ఆశయం. కలరా ఎలా వ్యాపిస్తుందో అప్పటికి ఎవరికీ నిశ్చయంగా తెలియదు కనుక ఒప్పందం కుదిరినా నిలవలేదు.

1865లో మక్కా యాత్రికులలో కలరా చెలరేగి, ఈజిప్టు మీదుగా యూరప్ చేరింది. 1866లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన సమావేశం కలరాకు పుట్టినిల్లు గంగా మైదానమని తీర్మానించింది. అప్పటి నుంచి భారతదేశం నుంచి వచ్చే ఓడ అనుమానించదగినదైంది. ఈ తీర్మానాన్ని గట్టిగా వ్యతిరేకించినది భారతీయులు కాదు, బ్రిటిష్ ప్రభుత్వం. సూయజ్ కాలువ తెరుచుకున్న తర్వాత అందులో సాగే ఓడల్లో సింహభాగం బ్రిటిష్‌వే. క్వారంటైన్ అంటే రోజుకింత నష్టం. 1884లో రాబర్ట్ కోఖ్ కలకత్తాలో కలరా క్రిమిని గుర్తించినప్పుడు కూడా దాన్ని ఖండించడానికి బ్రిటిష్ ప్రభుత్వం ప్రత్యేకంగా నిపుణులను పంపింది. కలరా ఒక క్రిమి వల్ల వస్తుందంటే క్వారంటైన్‌కు శాస్త్రీయ బలం చేకూరుతుంది, అది వారికి ఇష్టం లేదు. ఒక దేశానికి భయం శాస్త్రం పేరు పెట్టుకుంటే, మరొక దేశానికి లాభం శాస్త్రం పేరు పెట్టుకుంది.

1896లో బొంబాయిలో ప్లేగు బయటపడింది. మరుసటి సంవత్సరం వెనిస్‌లో యూరప్ దేశాలు సమావేశమై భారతదేశం నుంచి రాకపోకల మీద నియమాలు చేశాయి. ఆ ఒత్తిడిలో 1897లో భారతదేశం నుంచి హజ్ యాత్రను నిలిపేశారు. అదే సంవత్సరం ఫిబ్రవరిలో అంటువ్యాధుల చట్టం వచ్చింది, 2020లోనూ భారత ప్రభుత్వం ఉపయోగించినది ఆ చట్టాన్నే. దేశం లోపల రైల్వే స్టేషన్లలో తనిఖీలు మొదలయ్యాయి. మద్రాసు రాజధానిలో ప్లేగు ప్రాంతాల నుంచి వచ్చేవారికి ‘ప్లేగు పాస్‌పోర్టు’ ఇచ్చి, వారు చేరిన ఊళ్ళో రోజూ అధికారుల ముందు హాజరు కావాలనే పద్ధతి పెట్టారు. ఈ తనిఖీల బరువు ప్రధానంగా మూడో తరగతి ప్రయాణికుల మీదనే పడింది. రోగానికి టికెట్ తరగతి తెలియదు, తనిఖీ చేసేవాడికి తెలుసు.

సూరత్, 1994

స్వతంత్ర భారతంలో ఇదే చరిత్ర 1994 సెప్టెంబరులో తిరిగి వచ్చింది. సూరత్‌లో ఊపిరితిత్తుల ప్లేగు వచ్చిందన్న వార్తతో కొద్ది రోజుల్లో లక్షలాది జనం నగరం వదిలిపోయారు. సూరత్ మరమగ్గాల మీద ఆధారపడిన తెలుగు నేత కుటుంబాలు వేలల్లో ఉన్నాయి, అందులో తెలంగాణ నుంచి వలస వెళ్ళిన పద్మశాలీలు ఎక్కువ. రైళ్ళెక్కి స్వగ్రామాలకు చేరినవారిని చూసి సొంత ఊరే భయపడింది. గల్ఫ్ దేశాలు అనేకం భారతదేశానికి విమానాలు నిలిపేశాయి. యూరప్ విమానాశ్రయాలలో భారతీయ ప్రయాణికులను విడిగా పరీక్షించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రయాణ ఆంక్షలు అవసరమని చెప్పలేదు. అయినా ఆంక్షలు వచ్చాయి.

మరణాలు యాభై పైచిలుకు. ఆర్థిక నష్టం సుమారు 170 కోట్ల డాలర్లని అంచనా. భారతదేశంలో ఏటా క్షయతో పోయే ప్రాణాల ముందు ఆ మరణాల సంఖ్య ఎంత చిన్నదో వైద్యులందరికీ తెలుసు. క్షయకు ఏ దేశమూ విమానాలు ఆపలేదు. ప్లేగు అనే మాటకు యూరప్ స్మృతిలో పద్నాలుగో శతాబ్దపు నల్ల మృత్యువు బరువుంది. హెచ్చరిక తీవ్రతను నిర్ణయించింది ఆ స్మృతి.

సూరత్ తర్వాతి కథ హెచ్చరిక జాబితాలకెక్కలేదు. 1995లో అక్కడ మునిసిపల్ కమిషనరుగా చేరిన తెలుగు అధికారి సూర్యదేవర రామచంద్రరావు, చెత్త ఎత్తడం, మురుగు తీయడం, అధికారులు రోజూ వీధుల్లో తిరగడం అనే మామూలు పనులతో రెండేళ్ళలోపు ఆ నగరాన్ని దేశంలోని శుభ్రమైన నగరాల్లో ఒకటిగా నిలిపారు. ప్లేగు వార్త ప్రపంచమంతా పాకడానికి రోజులు పట్టింది. శుభ్రమైన సూరత్ వార్త దేశం దాటనేలేదు. హెచ్చరికలకు ఉన్న వేగం, వాటి ఉపసంహరణకు ఉండదు.

సూరత్ వంటి అనుభవాలే ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమావళిని మార్చడానికి ఒక కారణమయ్యాయి. 2005లో ఆమోదం పొంది 2007 జూన్‌లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు ఒక బేరం వంటివి. ప్రతి దేశమూ తన దగ్గర పుట్టిన ప్రమాదాన్ని దాచకుండా చెప్పాలి. బదులుగా మిగిలిన దేశాలు అవసరానికి మించిన ఆంక్షలు పెట్టకూడదు. ప్రయాణాన్ని గణనీయంగా అడ్డగించే చర్య తీసుకుంటే దానికి శాస్త్రీయ కారణం చూపాలి. బేరంలో మొదటి సగాన్ని అమలు చేయించడానికి ప్రపంచమంతా చూస్తూ ఉంటుంది. రెండో సగాన్ని అమలు చేయించే శక్తి ఎవరికీ లేదు.

చెప్పినవారికే శిక్ష

2021 ఏప్రిల్ 26న జర్మనీ భారతదేశాన్ని ‘వైరస్ వేరియంట్ ప్రాంతం’గా ప్రకటించింది. జర్మన్ పౌరులకు, అక్కడ నివాసం ఉన్నవారికి తప్ప ప్రవేశం లేదు. పాడర్‌బోర్న్ విశ్వవిద్యాలయంలోనో మరొక చోటనో సీటు వచ్చి, ఇంకా బయలుదేరని భారతీయ విద్యార్థికి తలుపు మూసుకుంది. ఆ రోజుల్లో భారతదేశంలో పరిస్థితి భీకరంగా ఉంది, ప్రాణవాయువు కోసం జనం ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్నారు. ఆంక్షను తప్పు పట్టడం కష్టం. అదే డెల్టా రకం వ్యాపిస్తున్న బ్రిటన్‌ను ఆ జాబితాలో చేర్చడానికి మే 23 దాకా ఆగారు. రెండు దేశాలనూ జూలై 7న ఒకేసారి కింది మెట్టుకు దించారు, ఎందుకంటే అప్పటికి జర్మనీలో కొత్త కేసుల్లో సగానికి పైగా డెల్టావే. గోడ కట్టడంలో నాలుగు వారాల తేడా. గోడకు అర్థం లేకుండా పోయేదాకా దాన్ని దించకపోవడంలో మాత్రం సమానత్వం.

ఆ మే నెలలో ఆస్ట్రేలియా ఇంకా ముందుకు వెళ్ళింది. భారతదేశంలో ఉన్న తన సొంత పౌరులు తిరిగి రావడాన్నే రెండు వారాల పాటు నేరం చేసింది, గరిష్ఠ శిక్ష ఐదేళ్ళ జైలు. అంతకు ముందు అమెరికాలో, బ్రిటన్‌లో కేసులు శిఖరానికి చేరినప్పుడు ఆ దేశాల నుంచి వచ్చే పౌరులను అలా బెదిరించలేదు. ఆస్ట్రేలియాలోని భారతీయ మూలాల కుటుంబాలు ఈ తేడాను గుర్తించాయి, ఆ దేశపు మానవ హక్కుల సంఘం కూడా ఆందోళన వెలిబుచ్చింది.

2021 నవంబరు ఆఖరున దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు ఒమిక్రాన్ రకాన్ని కనిపెట్టి, నిబంధనల ప్రకారం వెంటనే ప్రపంచానికి చెప్పారు. ఒకటి రెండు రోజుల్లో ఐరోపా సమాఖ్య, బ్రిటన్, అమెరికా దక్షిణ ఆఫ్రికా ఖండ దేశాల నుంచి ప్రయాణాలు నిలిపేశాయి. కొద్ది రోజులకు నెదర్లాండ్స్ ఆరోగ్య సంస్థ పాత నమూనాలను తిరిగి పరీక్షించగా, నవంబరు 19న, 23న తీసుకున్న వాటిలో ఒమిక్రాన్ ఉన్నట్టు తేలింది. అంటే ప్రకటన వెలువడక ముందే అది యూరప్‌లో ఉంది. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి ఆంటోనియో గుటెరెష్ దీన్ని ప్రయాణాల్లో వర్ణవివక్షగా అభివర్ణించారు. ఆ మాటలోని ఘాటును పక్కన పెట్టినా ఒక ప్రశ్న మిగులుతుంది. వైద్యంలో రోగి తన లక్షణాలను దాచకుండా చెప్పాలంటే, చెప్పినందుకు అవమానం జరగదన్న నమ్మకం ఉండాలి. దేశాలకూ అంతే. నిజం చెప్పిన దేశానికి మొదటి శిక్ష పడితే, తర్వాతి దేశం ఎందుకు చెబుతుంది?

తన ఇల్లు, పరాయి ఇల్లు

భద్రతా హెచ్చరికలలో ఈ కొలత ఇంకా కష్టం, ఎందుకంటే అక్కడ లక్షకు ఇన్ని అనే అంకె కూడా ఉండదు. అమెరికా ప్రభుత్వపు భారతదేశ సలహాలో తూర్పు మహారాష్ట్ర, ఉత్తర తెలంగాణ నుంచి పశ్చిమ బెంగాల్ పడమటి భాగం దాకా మావోయిస్టుల ప్రాంతమన్న హెచ్చరిక ఏళ్ళ తరబడి కొనసాగింది. తెలంగాణలో ఆ ఉద్యమం వెనకబట్టిన చాలా కాలానికి కూడా ఆ వాక్యం అక్కడే ఉంది. తుపాకీ కాల్పుల గురించి అమెరికా తన పౌరులకు తన దేశం మీద అటువంటి పత్రం రాయదు, ఏ దేశమూ రాసుకోదు. 2016 జూలైలో బహామాస్ అనే చిన్న ద్వీప దేశం అమెరికా వెళ్ళే తన యువకులను అక్కడి పోలీసులతో జాగ్రత్తగా ఉండమని చెప్పినప్పుడు ప్రపంచం వింతగా చూసింది. చిన్న దేశం పెద్ద దేశాన్ని హెచ్చరించడమే ఆ వింత.

జర్మనీకీ ఆ అనుభవం ఉంది. 2006లో ప్రపంచ కప్ ఫుట్‌బాల్‌కు ముందు, మాజీ ప్రభుత్వ ప్రతినిధి ఊవె-కార్‌స్టెన్ హాయె ఒక రేడియో సంభాషణలో, వేరే రంగు చర్మం ఉన్నవారు బ్రాండెన్‌బుర్గ్‌లోని కొన్ని పట్టణాలకు వెళ్ళకపోవడం మంచిదన్నారు. దేశమంతా దుమారం లేచింది. ఒక ప్రాంతం మొత్తానికి మచ్చ వేశాడని రాజకీయ నాయకులు మండిపడ్డారు. మరుసటి సంవత్సరం ఆగస్టులో సాక్సనీలోని మ్యూగెల్న్ పట్టణంలో, ఊరి ఉత్సవం రాత్రి, ఎనిమిది మంది భారతీయులను ఒక గుంపు తరిమి కొట్టింది. హాయె మాట మ్యూగెల్న్‌కు వర్తించిందని అనడం తేలిక, కానీ ఆనాడు మండిపడినవారి వాదనలోనూ ఒక న్యాయం ఉంది. కొన్ని సంఘటనలను బట్టి ఒక ప్రాంతాన్నంతా అపాయకరమనడం తప్పని వారన్నారు. ఆ సూత్రాన్ని ఇతర దేశాలకు కూడా వర్తింపజేసి ఉంటే చాలా హెచ్చరికలు చిన్నవయ్యేవి.

ఈ విషయంలో భారతదేశానికి మినహాయింపు లేదు. 2023 సెప్టెంబరులో కెనడాతో దౌత్య సంబంధాలు చెడిన రెండు రోజులకే, కెనడాలోని భారతీయులు, ముఖ్యంగా విద్యార్థులు, అత్యంత జాగ్రత్తగా ఉండాలని విదేశాంగ శాఖ సూచన వెలువరించింది. కెనడా కూడా భారతదేశంపై తన సలహాను సవరించింది. ఆ రెండు రోజుల్లో టొరంటో వీధుల్లో తెలుగు విద్యార్థికి ప్రమాదం హఠాత్తుగా పెరగలేదు. పెరిగింది రెండు ప్రభుత్వాల కోపం. భాగ్యనగరంలోనో బెజవాడలోనో ఉన్న తల్లిదండ్రులకు మాత్రం ఆ రాత్రి నిద్ర లేదు. హెచ్చరికను దౌత్య ఆయుధంగా వాడితే, రేపు నిజమైన ముప్పు వచ్చినప్పుడు ఆ మాటను ఎవరూ నమ్మరు.

మోతాదు

కొలత నిలకడగా లేకపోవడం వల్ల వచ్చే చేటు వైద్యానికి బాగా తెలుసు. రెండు వందల ఏళ్ళ క్రితం వరకు నొప్పికి నల్లమందు ఇచ్చేవారు. ఒక పొలంలో పండిన నల్లమందుకూ మరొక పొలంలో పండినదానికీ బలం ఒకటి కాదు. ఒక సీసాలోని ఇరవై చుక్కలు నొప్పిని తాకవు, మరొక సీసాలోని ఇరవై చుక్కలు ఊపిరి ఆపేస్తాయి. పాడర్‌బోర్న్ శివారులోని నాయ్‌హౌస్‌లో పుట్టి, పాడర్‌బోర్న్‌లోనే ఒక మందుల దుకాణంలో శిష్యుడిగా చేరిన ఫ్రీడ్రిష్ సెర్ట్యూర్నర్ 1804 ప్రాంతంలో నల్లమందు నుంచి అసలు పదార్థాన్ని వేరు చేశాడు. దానికే తర్వాత మార్ఫిన్ అన్న పేరు స్థిరపడింది. మందు బలం పెరగడం అతని సాధనలో చిన్న భాగం. అసలు లాభం ఏమిటంటే, పదార్థం శుద్ధమయ్యాక దాన్ని తూచవచ్చు. ఎవరు ఇచ్చినా, ఎవరికి ఇచ్చినా, ఇంత అంటే ఇంతే.

ప్రయాణ హెచ్చరికలు ఇప్పటికీ శుద్ధి చేయని నల్లమందు దశలోనే ఉన్నాయి. వాటిలో వ్యాధి ప్రమాదం, హింస ప్రమాదం, పౌరులను వెనక్కి తేవడంలోని కష్టం, పర్యాటక వ్యాపారం, పాత భయాలు, తాజా కోపాలు అన్నీ కలిసి ఉంటాయి. చదివేవాడికి ఏ పాలు ఎంతో తెలియదు. వీటిని విడదీసి చెప్పడం అసాధ్యమేమీ కాదు. ఇది వ్యాధి కారణంగా, ఇది హింస కారణంగా, ఇది మేము మిమ్మల్ని వెనక్కి తేలేము గనుక, అని ఒక్కో కారణాన్నీ దాని పేరుతో రాయవచ్చు. దేశం బదులు జిల్లాను గీత లోపల పెట్టవచ్చు. టర్కీ తీరానికి అది సాధ్యమైంది. ప్రతి హెచ్చరికకూ పునఃపరిశీలన తేదీ ముందే ప్రకటించవచ్చు, ఆ రోజున కొత్త ఆధారం చూపకపోతే అది దానంతట అదే రద్దు కావాలి. తన దేశంలోని జిల్లాలకు ఏ అంకెను వాడుతున్నారో పరాయి దేశాలకూ అదే వాడవచ్చు. ప్రమాదాన్ని మొదట బయటపెట్టిన దేశానికి ఆంక్షలతో పాటు సహాయం కూడా అదే రోజున చేరేలా చూడవచ్చు.

గ్యూటర్స్‌లో ఉదంతం నుంచి ఒక మంచి పనీ జరిగింది. మాంసపు కర్మాగారాల ప్రధాన పనుల్లో ఉపకాంట్రాక్టు కార్మికులను పెట్టడాన్ని జర్మనీ చట్టం చేసి నిషేధించింది. 2021 జనవరి నుంచి వధశాలలో కోతపని చేసే మనిషి ఆ కంపెనీ ఉద్యోగే కావాలి. వ్యాధి ఎందుకు వచ్చిందో వెతికితే దారి ఆ ఇరుకు వసతులకే చేరింది, ఆ దారిన వెళ్ళినవారు చట్టాన్ని మార్చారు. రాష్ట్రం చుట్టూ గీత గీసి ఊరుకున్నవారికి ఆ కార్మికుల సంగతి తెలియవలసిన అవసరం కూడా కలగలేదు.